గుండె ఆపరేషను పిమ్మట నొప్పి, ఊపిరి



గుండె ఆపరేషను అనగానే ఇంటివారి చింత యంతయు గుండె మీదనే నిలుచును. కాని మరునాటినుండి రోగికిని, ఇంటివారికిని ఎక్కువ పని కల్పించునది ఊపిరి.

1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అను వైద్యుడు గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రమునకు అప్పగించి, గుండె లోపలి రంధ్రమును మూసి రోగిని బ్రతికించెను. 1975లో నాటి మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ బైపాస్ శస్త్రచికిత్సను జయప్రదముగా నెరవేర్చిరి. అది ప్రభుత్వోద్యోగుల ఆస్పత్రియే యగుట ఈ సభకు ముచ్చట గొల్పు విషయము.

ఈ చికిత్సలో సాధారణముగా రొమ్ము నడుమనున్న ఎముకను నిలువునా కోసి, పని ముగిసిన పిదప ఉక్కు తీగెలతో బిగించి కట్టుదురు. అది అతుకుటకు కొన్ని వారములు పట్టును. చేయి విరిగినచో కట్టుకట్టి కదలకుండ ఉంచవచ్చును. రొమ్ము కదలనిచో శ్వాస యెట్లాడును? కావున నొప్పికి వెరచి రోగి పైపైననే ఊపిరి పీల్చును, దగ్గు నాపుకొనును. దానిచే ఊపిరితిత్తుల అడుగు భాగమున నున్న గాలితిత్తులు ముడుచుకొనును, కఫము నిలువయుండును, న్యుమోనియాకు త్రోవ యేర్పడును.

నొప్పి నోర్చుకొనుట ధీరత్వమనియు, మాత్రలు అలవాటైపోవుననియు మందు ప్రక్కకు నెట్టు పెద్దలు తెలుగు ఇండ్లలో తక్కువగా లేరు. ఓర్పు ఇతరత్ర మెచ్చదగినదే; ఇచ్చట మాత్రము హానికరము. వైద్యుడు చెప్పిన వేళకు మందు పుచ్చుకొన్నచో లోతుగా ఊపిరి తీయుట, దగ్గుట సాధ్యమగును. మందు పనిచేయుచున్న వేళనే శ్వాసవ్యాయామము చేయించుట మేలు. దగ్గునపుడు దిండును రొమ్మునకు హత్తుకొన్నచో బాధ తగ్గును. “దగ్గకు, కదలకు” అని ప్రేమతో వారించు బంధువులు ఈ సంగతి గ్రహింపవలెను.

మూడు బంతులు గల చిన్న ప్లాస్టిక్ సాధన మొకటి ఆస్పత్రిలో ఇత్తురు. అది ఊదుటకు గాదు, పీల్చుటకు. పలువురు దాని నూది, బంతి లేవలేదని విసుగుకొందురు! అయినను ఆ సాధన మొక్కటియే చాలదు. వైద్యులు అనుమతించిన వెంటనే లేచి కూర్చుండుట, వరండాలో నాలుగడుగులు నడచుట అంతకంటె ముఖ్యము. పొగ త్రాగువారు ఆపరేషనుకు కొన్ని వారములు ముందే దానిని మానవలెను.

ఇల్లు చేరిన పిదప నీళ్ల బకెట్టు ఎత్తుట, మనుమలను చంకనెత్తుకొనుట కొంతకాలము కూడదు. జ్వరము వచ్చినను, ఆయాసము హెచ్చినను, రొమ్ములో ఎముక టక్కుమని కదలినట్లు తోచినను, గాయమున చీము పట్టినను మరుసటి పరీక్షాదినము వరకు వేచియుండక వెంటనే ఆస్పత్రికి పోవలెను.