తలనొప్పి అంటే తల పట్టుకుని చూడాల్సిందే

ఈ ఎపిసోడ్‌లో తలనొప్పి గురించి మాట్లాడుకుందాం. "ఓస్, తలనొప్పేనా" అని వీడియో మార్చేయకండి. నేను చెప్పబోయే అమ్మాయి ఇంట్లో వాళ్లూ మొదట అలాగే అనుకున్నారు. నిజం చెప్పాలంటే, డాక్టర్ని అయ్యుండి నేనూ అలాగే అనుకున్నా.

పదేళ్ల పైమాటే. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువు అయిపోయి, కోనసీమలో ఓ చిన్న ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్న రోజులు. ఒక రాత్రి పదకొండు దాటాక ఆటోలో ఒక బాలింతని తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. కాన్పు అయ్యి పన్నెండో రోజు. చెవుల్లో దూది, తలకి గుడ్డ. నాలుగు రోజులుగా తలనొప్పి. అత్తగారు ముందుకొచ్చి, "బాలింత కదండీ, చెవుల్లో గాలి దూరుంటాది. ఓ ఇంజక్షన్ చేసి పంపెయ్యండి డాక్టరు గారండీ" అన్నారు.

నాకు నిద్ర మత్తు. బయట ఇంకా నలుగురు పేషెంట్లు. చీటీ మీద నొప్పి ఇంజక్షన్ పేరు రాసేశా కూడా. అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా ఒక మాట అంది: "పడుకుంటే ఎక్కువైపోతందండి. పాప మొహం మసగ్గా కనబడతంది."

నా పెన్ను అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో మీకు అర్థం కావాలంటే, డాక్టర్లు తలనొప్పిని ఎలా చూస్తారో ముందు తెలియాలి. ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం.

మొదటి సంగతి. మెదడుకి నొప్పి తెలియదు. ఆశ్చర్యంగా ఉంది కదా? నొప్పి తెలిసేది మెదడు చుట్టూ ఉన్న పొరలకి, రక్తనాళాలకి, తల, మెడ కండరాలకి, కళ్లకి, పళ్లకి. అందుకే తలనొప్పులు రెండు రకాలు. ఒకటి, తలనొప్పే జబ్బు. మైగ్రేన్, అంటే మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు చూడండి, అది ఇందులోకే వస్తుంది. రెండోది, వేరే జబ్బుకి తలనొప్పి గుర్తు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలా ఎక్కువమంది మొదటి రకమే. కానీ రెండో రకంలో ఉన్న ఆ కొద్దిమందిని వదిలేస్తే ప్రాణం మీదకి వస్తుంది. వాళ్లని పట్టుకోవడానికి ముందుగా కావాల్సింది స్కాన్ కాదు. ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: ఎప్పుడు, ఎలా మొదలైంది? "పదేళ్లుగా నెలకి రెండుసార్లు వస్తుంది సార్, అదే నొప్పి" అంటే నేను సగం ఊపిరి పీల్చుకుంటా. "జీవితంలో ఎప్పుడూ లేదు, స్నానం చేస్తుంటే తలమీద ఎవరో కొట్టినట్టు ఒక్కసారిగా వచ్చింది" అంటే మాత్రం కుర్చీలోంచి లేస్తా. ఒక్క నిమిషంలోపే భరించలేనంత స్థాయికి చేరిన నొప్పి అంటే మెదడు చుట్టూ రక్తం కారి ఉండొచ్చు. అక్కడ గంటలు కూడా ముఖ్యమే. బిళ్ల వేసుకుని తెల్లారాక చూద్దాం అనుకునే నొప్పి కాదది.

రెండో ప్రశ్న: ఎలా ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, అప్పుడు మీరేం చేస్తారు? మైగ్రేన్ అయితే మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. ఎక్కువగా ఒకవైపు, కణత దగ్గర, గుండె కొట్టుకున్నట్టు టకటకా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే పెరుగుతుంది. వెలుతురు, చప్పుడు పడవు. వాంతి వచ్చేట్టు ఉంటుంది. చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనిపిస్తుంది. టెన్షన్ తలనొప్పి అలా కాదు. తల చుట్టూ తుండుగుడ్డ బిగించి కట్టినట్టు, రెండువైపులా ఉంటుంది. పని చేసుకుంటూనే ఉండొచ్చు. ఇంకోటి ఉంది, క్లస్టర్ తలనొప్పి. ఒక కన్ను దగ్గరే, పదిహేను నిమిషాల నుంచి మూడు గంటలు. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. మైగ్రేన్ మనిషి పడుకుంటాడు, క్లస్టర్ మనిషి ఒక చోట కూర్చోలేక పచార్లు చేస్తాడు. చూశారా, మనిషి ఏం చేస్తాడో చెబితే చాలు, సగం జబ్బు తెలిసిపోతుంది.

ఇక్కడో చిన్న మాట. "సైనస్ అండీ" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్నది మైగ్రేనే. నిజం సైనస్ అయితే జ్వరం, ముక్కులోంచి చిక్కటి పసుపు, ఆకుపచ్చ చీమిడి, వంగితే బుగ్గల్లో బరువు ఉంటాయి. అవేవీ లేకుండా, మే నెల ఎండలో రాజమండ్రి బస్టాండ్‌లో గంట నిలబడ్డాక, భోజనం వేళ తప్పాక, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూశాక వచ్చే నొప్పిని సైనస్ మీదకి నెట్టేయకండి.

మూడో ప్రశ్న: ఏం వేసుకున్నారు? ఇది కుర్రాళ్లు బాగా వినాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల మంచిదే, అప్పుడప్పుడూ వేసుకుంటే. మామూలు నొప్పి బిళ్లలు నెలకి పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే పది రోజులు, అలా మూడు నెలలకు పైగా వాడితే ఆ బిళ్లే తలనొప్పి తెప్పిస్తుంది. నొప్పి వచ్చిందని బిళ్ల, బిళ్ల దిగిపోతే మళ్లీ నొప్పి. ఆ చక్రం నుంచి బయటపడటానికి డాక్టర్ సాయం కావాలి. మరి బామ్? మన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తరతరాలుగా మన ఇళ్లలో అలాంటి బామ్ సీసా ఉంటూనే ఉంది. నుదుటికి రాసుకుంటే చల్లగా హాయిగా ఉంటుంది, తప్పులేదు. ఆ హాయిని చూసి లోపలి జబ్బు తగ్గిందనుకోవడమే తప్పు.

నాలుగో ప్రశ్న చాలామంది మర్చిపోతారు: మీ ఇంట్లో, మీ వీధిలో ఇంకెవరికైనా ఇలా ఉందా? తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఇంట్లో పెట్టి తలుపులు మూస్తే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తాయి. 2020 డిసెంబర్‌లో ఏలూరు గుర్తుందా? వందలమంది మూర్ఛతో, వాంతులతో, తలనొప్పితో ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. ఒక్క మనిషికి వస్తే జబ్బు అనుకుంటాం. ఒకే చోట చాలామందికి వస్తే గాలిని, నీటిని, తిండిని అనుమానించాలి.

సరే, ప్రశ్నలు అయ్యాయి. ఇప్పుడు చెయ్యి వేసి చూడాలి. మంచి పరీక్షకి పది నిమిషాలు చాలు. అందులో ఏం చూస్తారో చెబుతా, ఈసారి మీరు వెళ్లినప్పుడు గమనించండి.

మీరు గుమ్మంలోంచి కుర్చీ దాకా నడిచి వస్తుండగానే పరీక్ష మొదలైపోతుంది. నడక తూలుతోందా, కాలు ఈడుస్తున్నారా? తర్వాత బీపీ, జ్వరం. ఆ తర్వాత తల మీద చెయ్యి. జుట్టు పాయలు తీసి వేళ్లతో తడిమి చూడాలి. దెబ్బ ఉందా, వాపు ఉందా? మా కోనసీమలో "నెల క్రితం కొబ్బరి మట్ట పడింది, అప్పుడేం కాలేదు" అనే పెద్దవాళ్లు ఉంటారు. వయసు మళ్లినవాళ్లలో చిన్న దెబ్బకి కూడా లోపల రక్తం మెల్లగా ఊరి, వారాల తర్వాత తలనొప్పిగా, మతిమరుపుగా బయటపడుతుంది. యాభై దాటినవాళ్లకి కణతలు నొక్కి చూస్తాం. అక్కడి రక్తనాళం గట్టిగా తాడులా తగిలి, ముట్టుకుంటే నొప్పి, అన్నం నములుతుంటే దవడ లాగడం ఉంటే, అది చూపుని పోగొట్టే జబ్బు కావచ్చు. దువ్వెన పెడితే నొప్పి అన్నా చెవిన వేసుకోవాలి.

తర్వాత మెడ. గడ్డం గుండెకి ఆనించమంటాం. జ్వరంతో పాటు మెడ వంగకుండా బిగుసుకుపోతే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ అని అనుమానం. తర్వాత మొహం: నవ్వమంటాం, కళ్లు గట్టిగా మూయమంటాం. చేతులు రెండూ ముందుకి చాచి కళ్లు మూసుకోమంటాం. ఒక చెయ్యి దానంతటదే కిందకి జారుతుంటే ఆ మనిషికి అది తెలియకపోవచ్చు, మాకు తెలుస్తుంది. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే కంటిలో ఒత్తిడి.

చివరిగా కంటి లోపల. ఆప్తాల్మోస్కోప్ అని చిన్న లైటు ఉంటుంది. గది చీకటి చేసి, దానితో కంటిపాపలోంచి వెనక్కి చూస్తే కంటి నరం మొదలు కనిపిస్తుంది. గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉండాలి. తలలో ఒత్తిడి పెరిగితే ఆ అంచు ఉబ్బి చెరిగిపోతుంది. అంటే పుర్రె తెరవకుండా మెదడు సంగతి చెప్పే కిటికీ అన్నమాట అది.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. మామూలు కాన్పు కాబట్టి, ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చే మత్తు తర్వాత వచ్చే తలనొప్పి కాదు. అదైతే కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఈ అమ్మాయికి రివర్స్. బీపీ చూశా, కాన్పు తర్వాత కూడా పెరగొచ్చు కాబట్టి. మామూలుగానే ఉంది. "ఏం తాగుతున్నావమ్మా?" అంటే అత్తగారే చెప్పారు: "పథ్యం కదండీ, నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదు. రోజుకి రెండు గ్లాసులు ఇత్తన్నాం." డ్రాయర్‌లోంచి ఆప్తాల్మోస్కోప్ తీసి, లైటు ఆర్పి చూశా. రెండు కళ్లలోనూ నరం అంచు కనబడలేదు. ఉబ్బిపోయి ఉంది.

కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు ఆడవాళ్ల రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మెదడు నుంచి రక్తాన్ని కిందకి తెచ్చే సిరల్లో గడ్డ అడ్డం పడితే తలలో ఒత్తిడి పెరిగి, తలనొప్పి, వాంతులు, చూపు మసక, తర్వాత మూర్ఛ, పక్షవాతం. నేను రాసిన ఇంజక్షన్ చీటీ చింపేసి 108కి ఫోన్ చేశా. ముమ్మిడివరం మీదుగా, ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన దాటి, యానాం నుంచి కాకినాడ. అక్కడ సిరలు కనిపించేలా ఎమ్మారై తీస్తే గడ్డ బయటపడింది. రక్తం గడ్డకట్టకుండా మందులు మొదలుపెట్టారు. కొన్ని నెలలకి ఆ అమ్మాయి పాపని ఎత్తుకుని వచ్చి, "ఇప్పుడు బాగా కనబడతందండి" అని నవ్వింది.

నేను గొప్ప డాక్టర్నని ఈ కథ చెప్పలేదండి. ఇంజక్షన్ రాసేశానని ముందే ఒప్పుకున్నా కదా. ఆ అమ్మాయి నోరు తెరవకపోతే ఇంటికి పంపేసేవాణ్ణి. ఆ రోజు నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: తల పట్టుకుని, కంటిలోకి చూడకుండా తలనొప్పికి మందు రాయను.

అలాగని ప్రతి తలనొప్పికీ స్కాన్ అడగకండి. ప్రశ్నలూ, పరీక్షా రెండూ మామూలుగా ఉన్న పాత మైగ్రేన్‌కి స్కాన్ చాలావరకు కొత్తగా ఏమీ చెప్పదు.

మీరు చేయాల్సింది ఇది. ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా, నోట్స్‌లో రాసుకోండి: నొప్పి ఏ రోజు, ఎన్ని గంటలు, ఎక్కడ, ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, ఏ బిళ్ల వేశారు. రెండు నెలల ఆ లెక్క నాకు చూపిస్తే దాన్నిబట్టే చాలా చెప్పగలను. ఒక్కసారిగా వచ్చిన భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ, చెయ్యో కాలో మాటో పడిపోవడం, చూపు మసకబారడం, తలకి దెబ్బ తగిలాక నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి, గర్భిణికి గానీ బాలింతకి గానీ కొత్త తలనొప్పి: వీటిలో ఏది ఉన్నా బిళ్ల వేసి పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ ఇంట్లో అక్కో వదినో బాలింతగా ఉంటే, ఈ రోజే ఒక పని చేయండి. చెంబు నిండా మంచినీళ్లు తీసుకెళ్లి పక్కన పెట్టండి. పెద్దవాళ్లు వద్దంటే పోట్లాడకండి, ఈ వీడియో చూపించండి. "తల నొప్పెడుతోందా, చూపు బాగుందా?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండి, నమస్తే.