కర్ర మనది, కాటా ఎవరిది?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మన మండలంలో జామాయిలు, సుబాబుల్ తోట లేని ఊరు లేదు. ఆ కర్రంతా పేపరు మిల్లుకు పోతుంది. తోట ఉన్నవాళ్లు రేటు కోసం కంపెనీ వైపు చూస్తారు. తోట లేనివాళ్లు కర్ర కొట్టే పని, బెరడు తీసే పని కోసం చూస్తారు. అందుకని ఈ సంగతి అందరిదీ.

వరి అయితే నాలుగు నెలలకు చేతికొస్తుంది. జామాయిలుకు నాలుగేళ్లు ఆగాలి. ఒకసారి కొట్టాక మోడు మళ్లీ చిగురేస్తుంది గనుక రెండో కోత, మూడో కోత కూడా వస్తాయి. అది లాభమే. కానీ అన్నేళ్లూ మన భూమి కొనేవాడి చేతి కిందే ఉంటుంది.

మనకు దెబ్బ తగిలేది కాటా దగ్గర. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే. కొట్టిన రోజు నుంచి ఆరిపోతూ ఉంటుంది. డబ్బులేమో టన్నుల లెక్కన ఇస్తారు. పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక అక్క తోట కొట్టించింది. లారీ రేపు, ఎల్లుండి అంటూ పన్నెండు రోజులకు వచ్చింది. తగ్గిన బరువంతా ఆమె నెత్తినే పడింది. కాటా చీటీ ఏజెంటు దగ్గరే ఉండిపోయింది, ఆమె కంటితో చూడనేలేదు.

1988 జాతీయ అటవీ విధానంలో ఒక మాట ఉంది. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను, పెంచేవాళ్లతో నేరుగా సంబంధం పెట్టుకుని సమకూర్చుకోవాలని. వాళ్లకు అప్పు, సాంకేతిక సలహా, చివరికి కోత, రవాణా సాయం కూడా అందించాలని. కాబట్టి టైముకు లారీ పంపమని మనం ధైర్యంగా అడగొచ్చు.

కంపెనీతో మనకు తగాదా వద్దు. మిల్లు ఆగితే మన కర్ర పొయ్యిలోకే. మన కర్ర రాకపోతే మిల్లూ నడవదు.

నా మనవి నాలుగు మాటలు.

ఒకటి, లారీ తేదీ ఖాయమయ్యాకే తోటలో గొడ్డలి పెట్టాలి.

రెండు, పక్కపక్క తోటలవాళ్లం కలిసి మాట్లాడాలి. రేటు, బెరడు తీసే కూలి, డబ్బిచ్చే రోజు కాగితం మీద రాయించుకోవాలి.

మూడు, లారీ వెంట మనలో ఒకరు కాటా దాకా వెళ్లాలి. ఖాళీ బరువు, లోడు బరువు చీటీలు రెండూ తెచ్చుకోవాలి.

నాలుగు, ఉన్న పొలమంతా జామాయిలు వేయొద్దు. తిండిగింజలకు కొంత ఉంచుకోవాలి.

పొదుపు పుస్తకం రాయడం నేర్చుకున్న మనకు కాటా చీటీ చదవడం కష్టం కాదు. ఈ ఏడాది ఏ ఊళ్లో ఎవరి తోట కోతకొస్తుందో వచ్చే నెల మీటింగులో రాసుకుందాం.