మార్క్సిజము: రాజకీయమునకు ఆవల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవ సభలో మార్క్సిజమును గూర్చి ముచ్చటింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మన గ్రంథాలయమున మార్క్సు రచనలు రాజకీయముల అలమరలో నున్నవి. "ఎన్నికల తగవులు చదువుల గుడిలోనికేల? ఆ పుస్తకములు తీసివేయరాదా?" అని చందాదారులైన పెద్దలొకరు నన్నడిగిరి. వారి భయము నిష్కారణమని నేననను. కాని వానిని తీసివేసినచో మనము పోగొట్టుకొనునది ఒక పార్టీ కరపత్రము మాత్రమే కాదు.

మార్క్సు (1818–1883) డాక్టరు పట్టమునకై 1841లో సమర్పించిన గ్రంథము ప్రాచీన గ్రీకు పరమాణువాదులైన డెమోక్రిటస్, ఎపిక్యూరస్‌లను గూర్చినది. మన కణాదుని పేరు విన్నవారికి ఈ చర్చ పరాయిది కాదు. 1844లో ఆయన వ్రాసికొన్న వ్రాతప్రతులు 1932 వరకు పూర్తిగా అచ్చునకే రాలేదు. అందలి ప్రధానమైన ప్రశ్న ఇది: మనుష్యుడు తన చేతులతో చేసిన వస్తువు తనకే పరాయిదగుట ఎట్లు?

దీనికి ఉదాహరణము వెదుక మనము దూరము పోనక్కరలేదు. మన ప్రాంతపు కోడూరు గనులలో 1892 ప్రాంతముననే మాంగనీసు త్రవ్వకము మొదలయ్యెను. ఆ ఖనిజము లేక మంచి ఉక్కు లేదు. ఎండలో తట్ట మోసిన కూలికి ఆ రాయి ఏ ఓడ నెక్కినదో, ఏ దేశమున ఏ వంతెనలో కలిసినదో తెలియదు. కూలి చాలకపోవుట ఒక బాధ. అది ఆర్థికము, రాజకీయము. తన పనిలో తాను లేకపోవుట మరియొక బాధ. కుమ్మరి తన కుండను చూచి "ఇది నాది" అనుకొనును. తట్ట మోసినవాడు దేనిని చూచి అట్లనుకొనును? కూలి రెట్టింపు చేసినను ఈ రెండవ బాధ తీరదు.

విజయనగరమున నివసించిన చాగంటి సోమయాజులుగారు (1915–1994) మార్క్సిస్టులు. వారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో జెండా లేదు, నినాదము లేదు. చదువు ఆగిపోయిన పిల్లవాని సిగ్గు, దుఃఖము ఉన్నవి. పేదరికము జేబులోనే కాక మనసులో ఏమి చేయునో ఆ కథ చూపును. దానిని ఏ అలమరలో పెట్టుదురు?

అన్నిటికిని అన్నమే మూలమని తేల్చివేయువారు మార్క్సు పేరు చెప్పువారిలో లేకపోలేదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) ఫిడేలు నాదమును ధాన్యపు ధరలతో వివరింపగలమా? ఆర్థికమొక్కటే సర్వమును నిర్ణయించుననుట అర్థములేని మాటయని ఎంగెల్సే 1890 నాటి ఒక జాబులో వ్రాసెను. గ్రీకు కావ్యములు ఎట్టి సమాజమున పుట్టినవో చెప్పుట కష్టము కాదు, ఆ సమాజము పోయిన పిదపను అవి మనకేల ఆనందమిచ్చుచున్నవో చెప్పుటయే కష్టమని మార్క్సు 1857లో ఒప్పుకొనెను. దానికి ఆయన చెప్పిన సమాధానము నాకు తృప్తి కలిగింపలేదు. ప్రశ్నలోని నిజాయితీ మాత్రము నచ్చినది.

ఇంకొక సంగతి దాచరాదు. మార్క్సు వ్రాతప్రతులను సేకరించి, మాస్కోలో పరిశోధనాలయము నెలకొల్పిన రియజానొవ్ అను పండితుని, మార్క్సు పేరున ఏలిన ప్రభుత్వమే 1938లో కాల్చి చంపించెను. సిద్ధాంతము ప్రశ్నను సహింపలేనినాడు తన పుస్తకములను కాపాడిన వానినే బలిగొన్నది.

కనుక ఆ పెద్దలకు నా మనవి: పుస్తకములను తీయవలదు, అలమర మార్చుడు. తత్త్వశాస్త్రపు అరలో, ఉపనిషత్తుల ప్రక్కన, చోటున్నది, నిన్ననే చూచితిని. ఒక సంపుటమునకు అట్ట ఊడినది. బైండు చేయించు ఖర్చు నేను భరింతును.