మోటారు సైకిలుపై దూరప్రయాణము



మోటారు సైకిలుపై దూరము పోవువారికి కీడు తెచ్చునది తరచుగా చిన్న మరపే. ఒకమారు మేమిద్దరము ఒకే బండిపై హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోయితిమి. బయలుదేరుటయే ఆలస్యమైనది. నల్లమల అడవిదారిని రాత్రి 9 గంటలకు మూయుదురు; ఉదయము 6 గంటలకు గాని తెరువరు. మన్ననూరు వద్ద గేటు మూయుదురేమోయను తొందరలో, టీ త్రాగి లేచిన మేము సైడు స్టాండు మడచుట మరచితిమి. ఎడమ మలుపులో బండి వంగగానే స్టాండు నేలకు తగిలి, బండి పడిపోయినది. మోకాళ్లు చీరుకొనిపోయినవి, హెల్మెట్లుండుటచే తలలు దక్కినవి.

నాటి నుండి మేము పాటించు నియమములివి. ముందురోజుననే, బండి చల్లగా నున్నపుడు, టైర్ల గాలి, చైను బిగువు, బ్రేకులు చూచుకొనవలెను. అడవి చేరకముందే పెట్రోలు నింపుకొనవలెను. వెనుక కూర్చున్నవారును హెల్మెట్ ధరింపవలెను. చీర చెంగు, కండువా చక్రమున చిక్కకుండ బిగించుకొనవలెను. గంటన్నరకొకసారి దిగి నీరు త్రాగవలెను. మరల ఎక్కునపుడు స్టాండు, దీపము, సామాను కట్లు – ఈ మూడును చూచి కదలవలెను.

కోతల దినములలో రోడ్డుపై ధాన్యము ఆరబోయుదురు. దానిపై బ్రేకు వేసిన బండి జారును. దూరముననే వేగము తగ్గింపవలెను. ఆరబోయు రైతు సోదరులును ఈ సంగతి తలపవలెను.

ప్రొద్దుపోయినచో గేటు ఇవతలనే ఆగుడు. తెల్లవారగనే తెరచెదరు, శ్రీశైలమెక్కడికిని పోదు.