ఎదుటివానికి భీమా లేకున్నచో



నేటి ప్రసంగ విషయము మోటారు భీమా. అందును మన వలన ఇతరులకు కలుగు నష్టమునకై కొను భీమా కాదు. ఇతరుల వలన మనకు నష్టము కలిగి, వారికి భీమా లేనప్పుడు గాని చాలనప్పుడు గాని మనలను కాపాడు భీమా. ఇది ప్రధానముగా అమెరికా దేశపు ఏర్పాటు. ఆ దూరదేశపు సంగతి పల్లెలోని పెద్దలకేల యని మీకు తోపవచ్చును. కాని కొడుకో, కోడలో, కూతురో, అల్లుడో ఆ దేశమున ఉద్యోగము చేయుచు, దినమును కారు నడుపుచున్న ఇండ్లు మన గ్రామములలో ఎన్నియో కలవు. పెద్దలు సైతము అచటికి పోయి, నెలల తరబడి ఆ కారులలోనే తిరుగుచున్నారు. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

మొదట అచటి పద్ధతిని గ్రహింతము. అమెరికాలో భీమా చట్టములు రాష్ట్రమునకొక విధముగా నుండును. పెక్కు రాష్ట్రములలో ప్రమాదమునకు ఎవడు కారకుడో వాని భీమా కంపెనీయే దెబ్బతిన్నవానికి సొమ్ము చెల్లించును. అనగా నేను కొనిన సామాన్య పాలసీ నా వలన చెడినవారిని ఆదుకొనును గాని, నన్ను ఆదుకొనదు. నన్ను ఆదుకొనవలసినది ఎదుటివాని పాలసీ. వాడెవడో నాకు తెలియదు. వాని పాలసీని ఎంచుకొను హక్కు నాకు లేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

భీమా లేక బండి నడుపరాదని చట్టము శాసింపదా యని అడుగవచ్చును. శాసించును. 1927లో మసాచుసెట్సు రాష్ట్రము తొలిసారిగా దీనిని నిర్బంధము చేసెను. తరువాత దాదాపు అన్ని రాష్ట్రములును ఆ మార్గమునే అనుసరించినవి. న్యూ హాంప్‌షైరు మాత్రము అందరిని నిర్బంధింపదు. కాని శాసనము వేరు, ఆచరణము వేరు. భీమా పరిశోధన మండలి వారి లెక్క ప్రకారము 2019లో ఆ దేశమున బండి నడుపువారిలో నూటికి 12.6 మందికి, అనగా సుమారు ఎనమండుగురిలో ఒకనికి, భీమా లేదు. న్యూజెర్సీలో ఆ సంఖ్య నూటికి 3.1 మాత్రమే, మిసిసిపీలో 29.4. పేదరికము చేత కొననివారు కొందరు. బండి నమోదునకై పాలసీ కొని, పిమ్మట వాయిదాలు మానివేయువారు మరికొందరు.

ఇక భీమా యున్నను చాలనివారి సంగతి. ప్రతి రాష్ట్రమును ఒక కనిష్ఠ మొత్తమును నిర్ణయించినది. కాలిఫోర్నియాలో 1967 నుండి 2024 చివరి వరకు గాయపడిన ఒక్కొక్క మనిషికి 15,000 డాలర్లే కనిష్ఠము. 2025 జనవరి 1 నుండి దానిని 30,000 చేసిరి. ఒక ప్రమాదమునకు మొత్తము మీద 60,000. టెక్సాసులోను ఈ రెండు మొత్తములే. మన రూపాయలతో పోల్చినచో ఇవి పెద్దవిగానే తోచును. కాని ఎముక విరిగి, శస్త్రచికిత్స జరిగి, కొన్ని దినములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చినచో అచటి ఖర్చుల ముందు ఆ సొమ్ము నిలువదు.

అట్టివానిపై దావా వేసి మిగత సొమ్ము రాబట్టరాదా యందురేమో. దావా వేయవచ్చును, గెలువను వచ్చును. కాని భీమా కొనజాలని వానికి ఆస్తి ఎక్కడిది? డిక్రీ చేతికి వచ్చును గాని డబ్బు రాదు. నూయి త్రవ్వించి నీరు పడనట్లగును.

ఈ లోపమును పూరించుటకే రెండు రక్షణములు ఏర్పడినవి. మొదటిది అన్ఇన్సూర్డ్ మోటరిస్టు కవరేజి: ఎదుటివానికి భీమాయే లేనప్పుడు మన కంపెనీయే మనకు చెల్లించును. రెండవది అండర్ఇన్సూర్డ్ మోటరిస్టు కవరేజి: ఎదుటివాని భీమా చాలనప్పుడు కొరతను తీర్చును. గుద్ది పారిపోయిన బండి జాడ తెలియనప్పుడును మొదటి రక్షణము పనికివచ్చును. పొరుగు రైతు తన గట్టు వేయడని తెలిసిన పిమ్మట మన చేను మునుగకుండ మన గట్టును ఎత్తుగా వేసికొందుము గదా. ఇదియు అట్టిదే.

ఈ రక్షణము వైద్యపు ఖర్చులకే గాక, పోయిన జీతమునకును, పడిన బాధకును వర్తించును. ఆరోగ్య భీమా యున్నది చాలదా యనువారు ఈ మాట గమనింపవలెను. ఆరోగ్య భీమా ఆసుపత్రికి చెల్లించును గాని, ఆరు నెలలు పని చేయలేని వానికి జీతము నీయదు. మరియు సాధారణముగా ఈ రక్షణము పాలసీదారునకే గాక, అతని కారులో కూర్చున్నవారికిని వర్తించును. బిడ్డలను చూడబోయిన తలిదండ్రులకు ఆ దేశపు వృద్ధుల ప్రభుత్వ వైద్య భీమా లభింపదు. కావున కారులో కూర్చుండు పెద్దలకు ఇది మరింత ముఖ్యము.

ఎంత మొత్తమునకు కొనవలె ననునది తరువాతి ప్రశ్న. ఒక లెక్క వేయుదము. మనవానికి కలిగిన నష్టము 1,20,000 డాలర్లు అనుకొందము. ఎదుటివాని భీమా 30,000. కొరత 90,000. మనవాడు 1,00,000 డాలర్లకు అండర్ఇన్సూర్డ్ రక్షణము కొనియున్నాడు. టెక్సాసులో ఆ కొరత 90,000 అంతయు అతనికి రావచ్చును. కాలిఫోర్నియాలో ఎదుటివాడిచ్చిన 30,000 మన పాలసీ మొత్తము నుండి తగ్గింతురు. కావున 70,000 మాత్రమే వచ్చును. అచట మనవాడు తానును కనిష్ఠమైన 30,000కే కొనియున్నచో, ఎదుటివాని 30,000 పోగా అతనికి ఒక్క డాలరును రాదు. కనిష్ఠముతో సరిపెట్టుకొన్నవాడు రక్షణము కలదను భ్రమతో తిరుగుచుండును. సాధారణముగా ఇతరులకై కొనిన భీమా మొత్తమునకు మించి ఈ రక్షణము నీయరు. కావున రెండింటిని కలిపి పెంచుకొనవలసి యుండును.

నేను జాగ్రత్తగా నడుపుదును, నాకేల యనువారు కలరు. జాగ్రత్త మన చేతిలోనిది. ఎదుటివాని జాగ్రత్త మన చేతిలో లేదు. ఈ రక్షణము మన తప్పులకై ఏర్పడినది కాదు, వాని తప్పులకై ఏర్పడినది. ప్రీమియము పెరుగునను మాట నిజమే. కాని కారు మరమ్మతు భీమాకు వెచ్చించు యువకుడు తన శరీరమునకు వచ్చు చేటునకై కొంత వెచ్చింపకుండుట వివేకము కాదు.

టెక్సాసులోను, కాలిఫోర్నియాలోను కంపెనీవారు ఈ రక్షణమును తప్పక ఇవ్వజూపవలెను. అక్కరలేదనువాడు వ్రాతమూలకముగా నిరాకరింపవలెను. కాగితములు చదువక సంతకము పెట్టువాడు తనకు తెలియకయే దీనిని వదలుకొనవచ్చును. ప్రమాదము జరిగిన పిమ్మటను కొన్ని నియమములు కలవు. బండి గుద్ది పారిపోయినచో వెంటనే పోలీసులకు తెలుపవలెను. కాలిఫోర్నియాలో దీనికి 24 గంటలే గడువు. ఆ రెండు రాష్ట్రములలోను పారిపోయిన బండి మనలనో మన బండినో తాకియుండవలె నను నియమము కలదు. ఎదుటివాని కంపెనీతో రాజీపడుటకు ముందు మన కంపెనీ సమ్మతి పొందుట మంచిది. పొందకున్నచో హక్కు పోవచ్చును.

మన దేశమున ఏమి యందురా? 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇతరులకు కలుగు నష్టమునకై భీమా నిర్బంధము. భీమా లేని ట్రాక్టరో, మోటారు సైకిలో మనిషిని గుద్దినచో ట్రిబ్యునలు విధించు పరిహారము యజమాని మీదనే పడును. అతనికి లేకున్నచో దెబ్బతిన్నవాడు నష్టపోవును. గుద్ది పారిపోయిన బండి జాడ తెలియనప్పుడు, 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. బండి నడుపు యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద భీమా వేరుగా కలదు. అది మరణమునకు, శాశ్వత వైకల్యమునకు మాత్రమే. తమ ఇంటి ట్రాక్టరునకు భీమా గడువు తీరినదో లేదో ప్రతి పెద్దయు ఒకమారు చూచుకొనవలెను.

దూరముననున్న బిడ్డలను రెండు మాటలడుగుడు. పాలసీ మొదటి పుటలో అన్ఇన్సూర్డ్, అండర్ఇన్సూర్డ్ అను పంక్తులు కలవా? వాని కెదురుగా ఏ అంకె యున్నది? ఆ పంక్తులు లేకున్నను, అంకె కనిష్ఠమే యైనను, తమ రాష్ట్రపు నియమములను తెలిసికొని నేడే సరిచేసికొమ్మని చెప్పుడు. ప్రమాదము జరిగిన పిమ్మట కొను భీమా ఆ ప్రమాదమునకు వర్తింపదు.