పాత యంత్రమునకు వ్యాఖ్యాత
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



కాళిదాసు కావ్యములు మనకు సుబోధములగుటకు మల్లినాథసూరి వ్యాఖ్యలు ఎంతయో తోడ్పడినవి. కంప్యూటరునకును స్కానరునకును నడుమ అట్టి వ్యాఖ్యాతయే డ్రైవరు. అది లేనిచో, ఏ దోషమును లేని స్కానరు సైతము మూలపడును.

మన గ్రంథాలయపు కంప్యూటరు విండోస్ 7తో నడుచుచున్నది. 2009లో వెలువడిన ఆ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ పోషణను 2020 జనవరి 14తో ముగించినది. తయారీదారులలో కొందరు పాత డ్రైవర్లను తొలగించుచున్నారు. శిథిలగ్రంథములకు ప్రతులు తీయు స్కానరు నిలిచినచో, క్రొత్తది కొనుటకు మన చందాసొమ్ము చాలదు. కావున డ్రైవరును వెదకు విధము మనమెరుగవలెను.

భూమిని సర్వే నంబరుతో గుర్తింతుము గదా! యంత్రమునకును అట్టి సంఖ్య కలదు. డివైస్ మేనేజరులో పసుపుపచ్చ గురుతున్న వస్తువును తెఱచి, ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ క్రింద హార్డ్‌వేర్ ఐడీస్ చూడవలెను. యు.ఎస్.బి. వస్తువైనచో ‘వి.ఐ.డి.’ తరువాతి నాలుగక్షరములు తయారీదారుని, ‘పి.ఐ.డి.’ తరువాతి నాలుగును ఆ వస్తువును తెలుపును. మొదటిది గ్రామము వంటిది. రెండవది సర్వే నంబరు వంటిది.

పిమ్మట తయారీదారుని వెబ్‌సైటులోనే, మోడలు పేరు సరిచూచి, డ్రైవరును గ్రహింపవలెను. మన వ్యవస్థ 32 బిట్లదో 64 బిట్లదో ముందే తెలిసికొనవలెను. ఒకదాని డ్రైవరు వేరొకదానికి పొసగదు. అన్ని డ్రైవర్లను తామే తెత్తుమని ఊరించు అపరిచిత ప్రోగ్రాములను దరిజేరనీయరాదు. పోషణలేని కంప్యూటరును ఇంటర్నెట్టునకు కలుపక, వేరొక కంప్యూటరులో దింపి, వైరసు పరీక్ష జరిపి, పెన్‌డ్రైవులో తెచ్చుట మేలు. స్థాపించుటకు ముందు రిస్టోర్ పాయింటు ఏర్పరచినచో, పొరపాటు జరిగినను వెనుకటి స్థితికి మరలవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. స్కానరు పనిచేయుచున్న నేడే నకలు తీసి యుంచవలెను. విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లో డ్రైవర్‌స్టోర్, అందు ఫైల్ రిపాజిటరీ అనునవి కలవు. స్థాపితమైన డ్రైవర్ల మూలప్రతులు అచ్చటనే యుండును. స్కానరుతో వచ్చిన సీడీ పోయినను, ఆ ఫోల్డరు నకలు తరచుగా అక్కరకు వచ్చును. సీడీ యున్నచో దానికిని నకలు తీసి, రెండును రెండు చోట్ల దాచి, మోడలు పేరు, బిట్ల సంఖ్య, తేది రిజిస్టరులో వ్రాయవలెను.

పుస్తకమును దాచి, అడిగినవారికందించుట గ్రంథాలయధర్మము. డ్రైవరును దాచుటయు ఆ ధర్మమే. ఈ రజతోత్సవ సంవత్సరముననే అట్టి రిజిస్టరొకటి తెఱువవలెనని పాలకవర్గమువారిని కోరుచు విరమించుచున్నాను.