టూల్ పొడవు మారితే

సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రంలో టూల్ మార్చిన ప్రతిసారీ టూల్‌పాత్‌ను మళ్లీ లెక్కించనక్కర్లేదు. పొడవు ఒక్కటే మారితే, కొత్త కొలతను ఆఫ్‌సెట్ పట్టికలో ఎక్కిస్తే చాలు. ప్రోగ్రాంలోని జీ43 ఆదేశం దాన్ని తీసుకుని ఎత్తును సరిచేస్తుంది.

హోల్డర్ జాబ్‌కు తగిలే అవకాశం ఉంటే సంగతి వేరు. 45 మిల్లీమీటర్ల లోతుకు ఇరుకు గుంత కోయాలి. టూల్ హోల్డర్ నుంచి 50 మిల్లీమీటర్లు బయటికి ఉందనుకుందాం. దాన్ని 40కి తగ్గించి బిగిస్తే, ఆఫ్‌సెట్ సరిగ్గానే ఉన్నా, మొన అడుగుకు చేరకముందే హోల్డర్ జాబ్ పైభాగానికి గుద్దుకుంటుంది. ఆఫ్‌సెట్‌లో ఉండేది పొడవే, హోల్డర్ లావు కాదు. కాబట్టి క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త కొలతలిచ్చి టూల్‌పాత్‌ను మళ్లీ లెక్కించాలి, సిమ్యులేషన్‌లో ఎక్కడైనా తగులుతుందేమో చూడాలి. ఐదు అక్షాల యంత్రాల్లో ఇది తప్పనిసరి అనే చెప్పాలి.

పొడవు పెంచినా చిక్కే. బయటికున్న భాగం రెట్టింపైతే, అదే బలానికి టూల్ దాదాపు 8 రెట్లు ఎక్కువగా ఒంగుతుంది. అప్పుడు ఫీడ్, కోత లోతు తగ్గించాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మెషినిస్టులు ఈ పనిని లోతుగా నేర్చుకోవడానికి హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ క్యాడ్, క్యామ్, సీఎన్‌సీలలో శిక్షణ ఇస్తారు.